మేనమామ చొక్కా

ఒక పసిపిల్లకు గుండు చేయించి, ఆ పిల్ల తల్లిని ఏడిపించి, నాగావళిలో మోకాలి లోతు నీళ్ళలో వెంట్రుకలు వెతికి, చివరికి మా పెరట్లో గంటన్నర సేపు దిష్టిబొమ్మలా నిలబడిన రోజొకటి నా జీవితంలో ఉంది. ఏ పెళ్ళికి వెళ్ళినా బంధువులు ఆ రోజు గురించి చెప్పమంటారు. నేను చెప్పను, ఓపిక లేదు. నేను చెప్పకపోతే మా ఆవిడ భాగ్యం చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ నన్ను ఇంకాస్త వెర్రివాణ్ణి చేసి చెబుతుంది. పోయిన నెల నరసన్నపేటలో ఒక పెళ్ళిలో ఆవిడ చెప్పిన దాని ప్రకారం నేను నదిలో ఈత కూడా కొట్టానట. నాకు ఈత రాదు. అందుకని, రిటైరై, మోకాళ్ళు అరిగి, కుర్చీలో కూలబడిన ఈ వయసులో అసలు జరిగిందేమిటో నేనే రాసి పారేస్తే పీడా వదిలిపోతుందని ఈ కాగితాలు ముందేసుకున్నాను. మీరూ నవ్వండి. నాకు అలవాటైపోయింది.

అప్పుడు నాకు యాభై మూడేళ్ళు. శ్రీకాకుళంలో కాపురం, నరసన్నపేట దగ్గర సర్కారు బడిలో ఇంగ్లీషు మాస్టారు ఉద్యోగం. మా మేడ మీద వాటా ఖాళీగా ఉండేది. వేసవి సెలవులు ఇచ్చిన వారానికి మా వీధి చివరి వకీలుగారు వచ్చి, "మాస్టారూ, ఇటలీ నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఇక్కడి శిశుగృహం నుంచి పాపను దత్తత తీసుకుంటున్నారు. మూడు వారాల్లో పని అయిపోతుంది. మేడ మీద వాటా ఇవ్వండి, మీకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి కాస్త మాట సాయం కూడా చెయ్యండి" అన్నారు.

మూడు వారాలు అన్నారు కదా, ఏడు వారాలు పట్టింది. అందులో ఆయన తప్పేం లేదు. మన ఆఫీసుల్లో ఒక కాగితం ఒక బల్ల మీద నుంచి పక్క బల్ల మీదకు నడిచి వెళ్ళాలంటే దానికీ కాళ్ళు నొప్పులు పుడతాయి. ఆ ఇటలీ మనిషి మొట్టమొదట నేర్చుకున్న తెలుగు మాట ఏమిటో తెలుసా? "రేపు రండి." రోజూ సాయంత్రం ఎండకి ఎర్రగా కందిపోయిన ముఖంతో గేటు తీసుకుని వచ్చి, మెట్ల మీద కూలబడి, మా అమ్మకేసి చూసి "రేపు రండి" అనేవాడు. మా అమ్మ మజ్జిగ ఇచ్చేది.

ఆయన పేరు పావొలో, ఆవిడ పేరు మార్తా. ఆ పేర్లు మా అమ్మకు ఇట్టే నచ్చేశాయి.

"మార్తంటే కొత్తేటిరా? బాప్టిస్టు సర్చి కాడ టీసరమ్మ పేరు మార్తమ్మే గదా. ఈ బాబుది పౌలు. అంతే గదా?" అని తేల్చేసింది.

ఆ రోజు నుంచి వాళ్ళు మార్తమ్మ, పౌలుబాబు.

ఇక భాగ్యం సంగతి. మా ఆవిడకు మనిషిని పేరుతో పిలవడం రాదు. నాలుగో రోజుకల్లా మార్తాను "వదినా" అనేసింది. మార్తా కూడా నవ్వుతూ "వదినా" అంది. వాళ్ళిద్దరికీ అది సరదా. నాకు మాత్రం బుర్రలో చిన్న గంట మోగింది. చూడండి, మా ఆవిడకు వదిన అంటే నాకేమవుతుంది? అక్కో చెల్లెలో అవుతుంది. నా చెల్లెలికి పిల్ల వస్తే ఆ పిల్లకు నేనేమవుతాను? మేనమామను!

మీకిది వెర్రిగా కనిపించవచ్చు. కానీ నా బాధ మీకు తెలియదు. నాకు అక్కచెల్లెళ్ళు లేరు. మా వైపు ఏ శుభకార్యమైనా మేనమామ లేనిదే గడవదు. ఉయ్యాల వేస్తే మేనమామ రావాలి, చెవులు కుట్టిస్తే మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి, పుట్టు వెంట్రుకలు తీస్తే మొదటి కత్తెర మేనమామదే. నేను ఎన్ని ఫంక్షన్లకు వెళ్ళానో, ఎన్నిసార్లు కొత్త చొక్కా వేసుకుని కూర్చున్న మేనమామల్ని వెనక వరస నుంచి చూశానో లెక్కలేదు. మనకు ఎప్పుడూ భోజనాల బంతి దగ్గర నీళ్ళు పోసే ఉద్యోగమే.

కోర్టు ఆర్డరు వచ్చింది. పాపను అప్పగించే రోజు మాట సాయానికి నేనే వెళ్ళాను. పాప పేరు ఆదిలక్ష్మి, పిలవడం ఆది అని. రెండేళ్ళు నిండి రెండు నెలలు. కుడి పాదం కొంచెం లోపలికి తిరిగి ఉండేది. నడిచేటప్పుడు ఒక పక్కకు ఒరిగేది కానీ ఆగేది కాదు. ఇక తల! ఆ జుట్టు గురించి చెప్పాలి. రింగులు రింగులుగా, కొసలు కాస్త రాగి రంగులో, తలకంటే జుట్టే పెద్దది. మార్తా ఏడాదిపాటు పర్సులో పెట్టుకు తిరిగిన ఫోటోలో కూడా పాప ముఖం సగమే కనబడుతుంది, మిగతాదంతా జుట్టే.

పాపను రెండేళ్ళూ పెంచిన ఆయా పేరు సింహాచలం. ఆవిడ పాపను మార్తా చేతుల్లో పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, నా వైపు తిరిగింది.

"మేస్టారూ, ఈ గుంట జుట్టు నాను ఎవుల్నీ ముట్టనీలేదు. సిక్కులు తీయనేక సచ్చేను. గుండు సేయించీమని అందరూ అన్నారు. నాను తగువాడేను. పుట్టెంటికలు ఇంటోల్లు తీయించాల గాని మనం తీయించకూడదని. మేనమావ ఒళ్ళో కూకోబెట్టి, పద్దతిగా తీయించమని ఆయమ్మకి సెప్పండి."

అప్పటికి మధ్యాహ్నం రెండయింది. పొద్దుటినుంచి ఇటు తెలుగు అటు ఇంగ్లీషు చేసి నా నాలుక అట్టకట్టింది. నేను మార్తాకు చెప్పిన అనువాదం ఇది: "పాప జుట్టు గురించి జాగ్రత్త చెబుతోంది."

మార్తా ఆ జుట్టును రెండు చేతులతో పట్టుకుని, "చెప్పండి ఆవిడకు. ప్రాణంలా చూసుకుంటాను" అంది.

నేను సింహాచలానికి చెప్పాను: "అలాగే చేయిస్తారంట."

ఇంగ్లీషు మాస్టారునండీ నేను. ముప్పై ఏళ్ళ సర్వీసు.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఈ మాట అమ్మతో అన్నాను. అమ్మ వెంటనే పంచాంగం తెప్పించింది.

"ఒరే సూరీ, మూడో ఏడు నడస్తన్నాది. ఇది దాటితే మల్ల ఐదో ఏడే. అప్పటికి ఆ దేశంలో మేనమావ ఎవుడు దొరుకుతాడు? ఎవుడో దారిన పోయినోడి ఒళ్ళో కూకోబెడతారేటి? లచ్చివారం బాగున్నాది. పదకొండున్నర లోపల అయిపోవాల. ఆ మీద వర్జ్యం."

"మరి మేనమామ?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"ఇంకెవుడున్నాడురా, నువ్వే!"

ఆ మాట వినడానికి యాభై మూడేళ్ళు పట్టింది నాకు.

మర్నాడు మేడ మీదకు వెళ్ళి వాళ్ళిద్దరికీ చెప్పాను. ఇక్కడ దయచేసి నన్ను మోసగాడనుకోకండి. దాచింది ఏమీ లేదు. "పాపకు మొదటి జుట్టు తీసే వేడుక చేద్దాం. మాలో అది చాలా ముఖ్యం. మొదటి కత్తెర తల్లి తోడబుట్టినవాడు వేస్తాడు. భాగ్యం నిన్ను వదినా అంటుంది కనుక ఆ తోడబుట్టినవాణ్ణి నేనే" అన్నాను. మార్తా ముఖం వెలిగిపోయింది. "మీకూ ఉందా ఈ వేడుక? మాకూ ఉంది!" అంటూ లోపలికి పరుగెత్తి ఒక చిన్న వెండి డబ్బా తెచ్చి చూపించింది. అరచేతిలో పట్టేంత డబ్బా, లోపల రెండు అరలు. ఒక అరలో ఏదో పల్చటి కాగితం మడత, రెండో అర ఖాళీ. వాళ్ళ అమ్మమ్మదట.

నేనేమనుకున్నాను? కుంకుమభరిణె అనుకున్నాను. ఒక అర పసుపుకి, ఒక అర కుంకుమకి. ఎంత చక్కటి సంప్రదాయం, ఎంతైనా దేశాలన్నీ ఒకటే కదా అని పొంగిపోయి, "తప్పకుండా తీసుకురామ్మా, పనికొస్తుంది" అన్నాను. జుట్టు తీయడం అంటే ప్రపంచం మొత్తం మీద గుండు చేయించడమే అని నా నమ్మకం. ఇంకో రకంగా తీస్తారని ఎవరైనా ఎందుకు అనుకుంటారు? అడగాలని తోచలేదు. ఆవిడకూ తోచలేదు.

అమ్మ చెప్పిన లచ్చివారం, అదే గురువారం, వచ్చింది. పొద్దున్నే వకీలుగారి దగ్గర నుంచి కబురు. కోర్టు కాగితం నకలు మీద ఇద్దరి సంతకాలూ కావాలట, ఈ రోజే కావాలట, పది నిమిషాల పనేనట. మార్తా పాపను భాగ్యానికి అప్పగించి, డబ్బా సంచిలో వేసుకుని, "నేను వచ్చేదాకా ఆగండి" అని వెళ్ళింది.

పదయింది. పదిన్నరయింది. నేను కొత్త తెల్ల చొక్కా వేసుకుని, భుజాన కండువాతో పీట మీద కూర్చున్నాను. ఒళ్ళో ఆది. బెల్లం ముక్క చప్పరిస్తూ నా మీసం లాగుతోంది. భాగ్యం పసుపు గుడ్డ పట్టుకుని వెంట్రుకలు పట్టడానికి సిద్ధంగా ఉంది. మంగలి తవిటయ్య కత్తి నూరుతున్నాడు. అమ్మ గడియారం చూస్తోంది.

"ఒరే, పదకొండవుతన్నాది."

"వస్తారమ్మా."

"ఈ ఆపీసులు నీకు తెల్దేటిరా? వర్జ్యం ఆగుతాదేటి?"

పావొలోకి ఫోన్ చేశాను. వెనక గోలగోలగా ఉంది. "గుమస్తా టీకి వెళ్ళాడు. మరో పది నిమిషాలు" అన్నాడు.

"టైము అయిపోతోంది. మొదలుపెట్టమంటారా?"

"మొదలుపెట్టండి, మొదలుపెట్టండి. మేం చివరికి అందుకుంటాం" అన్నాడు పాపం. మంత్రాలూ పాటలూ ఏవో ఉంటాయి, అసలు పని తమ ముందే జరుగుతుందని అతని ఊహ.

భాగ్యం మాత్రం అంది. ఈ ముక్క ఆవిడ ప్రతి పెళ్ళిలోనూ రెండుసార్లు చెబుతుంది కాబట్టి నేనూ రాయక తప్పదు. "ఏటండీ, తల్లి రాకండా సేత్తారేటి? ఓ గంట ఆగితే ఏటి పోతాది?" అంది.

నేనేమన్నానో చెప్పనా? "నీకు తెలీదు, నువ్వూరుకో" అన్నాను.

మూడు కత్తెరలు వేశాను. తర్వాత తవిటయ్య కత్తి పట్టుకుని మొత్తం చేసేశాడు. ఆది మొదట ఏడ్చింది, తర్వాత తవిటయ్యను తిట్టింది, చివరికి తల మీద చల్లగా అనిపించి నవ్వింది. మధ్యలో నా ఒళ్ళంతా తడిపేసింది. "మేనమావ మీద పోస్తే మంచిదే" అంది అమ్మ. మీ దగ్గర దాపరికం ఎందుకు, నాకు ఆ తడి కూడా బిరుదులాగే అనిపించింది.

ఇంకా ఆగానా? పద్ధతి ప్రకారం వెంట్రుకలు పారే నీళ్ళలో కలపాలి. పసుపు గుడ్డ మూట కట్టుకుని, ఆ చొక్కాతోనే స్కూటరెక్కి, నాగావళికి వెళ్ళి, మూట విప్పి, ఒక్క వెంట్రుక కూడా మిగలకుండా గుడ్డను రెండుసార్లు నీళ్ళలో జాడించి, దండం పెట్టుకుని వచ్చాను. నా జన్మలో ఏ పనీ అంత శ్రద్ధగా చేయలేదు.

నేను వచ్చిన పది నిమిషాలకు గేటు చప్పుడైంది. మార్తా సంచిలోంచి డబ్బా తీసి చేత్తో పట్టుకునే వచ్చింది. అరుగు మీద ఆది కూర్చుని ఉంది. నున్నటి గుండు, దాని మీద గంధం. మార్తా చూపు పాప మీద పడింది, దాటి వెళ్ళిపోయింది.

"ఆది ఏది?" అని అడిగింది.

ఆది చేతులు చాచి "మమ్మా" అంది. అప్పుడు చూసింది. పాపను ఎత్తుకుంది, గుండు మీద చెయ్యి వేసింది. ముఖంలో రంగు పోయింది.

"జుట్టు?" అంది.

"అయిపోయింది. చాలా బాగా జరిగింది" అన్నాను.

"జుట్టు ఎక్కడ ఉంది?"

"నదిలో" అన్నాను గర్వంగా. "ఒక్కటి కూడా మిగల్లేదు."

ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది. ఏడుపు వినబడలేదు, భుజాలు మాత్రం కదిలాయి. ఆది ఆవిడ ముఖం తుడవబోయింది. నాకు చటుక్కున ఒక ఆలోచన వచ్చింది. పాస్‌పోర్టు! ఫోటోలో జుట్టుంది, పిల్లకు లేదు, అదీ ఈవిడ భయం అనుకున్నాను.

"ఏం కంగారు లేదమ్మా" అన్నాను. "ఫోటోలో పాపా ఈ పాపా ఒకరేనని మా హెడ్మాస్టరు చేత సర్టిఫికెట్టు ఇప్పిస్తాను. స్టాంపుతో సహా."

పావొలో నా భుజం పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు. పొద్దుటినుంచి ఆఫీసు వరండాలో నిలబడి వచ్చిన మనిషి. కోపగించే ఓపిక కూడా అతనికి లేదు. మెల్లగా చెప్పాడు. వాళ్ళ వేడుకలో ఒక్క రింగు కత్తిరిస్తారట. దాన్ని డబ్బాలో దాస్తారట. ఆ కాగితం మడతలో ఉన్నది మార్తా చిన్నప్పటి జుట్టు, వాళ్ళ అమ్మమ్మ తీసింది. ఖాళీ అర ఆది కోసం.

అప్పుడు మార్తా తనే మాట్లాడింది.

"ఆది ఫైల్లో కన్నతల్లి పేరు రాసే చోట గీత ఉంది. ఫోటో లేదు, ఊరు లేదు. పెద్దయ్యాక మా అమ్మ ఎవరని అడిగితే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఈ జుట్టు ఆ తల్లి కడుపులో మొలిచింది. ఇది మీ అమ్మ ఇచ్చింది అని చెప్పి ఇద్దామనుకున్నాను. అంతే."

నేను ఆ మాటను అమ్మకూ భాగ్యానికీ తెలుగులో చెప్పాల్సి వచ్చింది. ఈసారి కుదించకుండా ప్రతి ముక్కా చెప్పాను. తల్లి కడుపులోంచి వచ్చిన జుట్టని మనం తీసి నీళ్ళలో వదిలేస్తాం. ఆవిడ దాన్నే దాచుకోవాలనుకుంది. నాకు సిగ్గేసింది. మేనమామనని మురిసిపోయి, ఆ పిల్లకున్న ఒకే ఒక్క పుట్టింటి వస్తువును నా చేతులతో నేనే జాడించి వచ్చాను.

భాగ్యం నన్నొక చూపు చూసింది. దానికంటే తిట్టినా బాగుండేది.

మళ్ళీ స్కూటరెక్కాను. ఎండాకాలం కావడంతో నాగావళి సన్నగా పారుతోంది. ప్యాంటు మడిచి దిగాను. నేను మూట విప్పిన చోటు నుంచి నీటివాలుకు నడుస్తూ, ప్రతి నాచు పోగునూ ఎత్తి చూశాను. అవతల గేదెను కడుగుతున్న ముసలాయన చాలాసేపు చూసి, ఇక ఉండలేక అడిగాడు.

"ఏటి పోయినాది బాబూ? ఉంగరమా?"

"కాదు తాతా. ఎంటికలు."

"ఎవుల్వి?"

"మా మేనకోడలివి."

ఆయన నా ముఖం, నా తల, నా తడి చొక్కా వరసగా చూశాడు. "ఇంటికెల్లిపో బాబూ. ఎండ దెబ్బ మంచిది కాదు" అని గేదెను తోలుకుపోయాడు.

మధ్యాహ్నం ఇంటికొస్తే అమ్మ గేటు దగ్గరే కాసుకుని ఉంది. గొంతు తగ్గించి అంది: "ఒరే, నానొకటి సెప్తాను ఇను. తవిటయ్య కొట్లో బోల్డంత జుట్టు పడుంటాది. ఓ సిటికెడు రింగుల జుట్టు సూసి తెచ్చీ. నీట్లో దొరికిందని సెప్పీ. ఆ తల్లి పేణం కుదుటపడతాది. ఎవులికి తెలుస్తాది?"

అమ్మది మంచి మనసే. అది విని నేను ఛీ అన్నానని రాసుకుంటే నాకు గౌరవంగా ఉండేది. కానీ నిజం రాస్తానన్నాను కదా. నేను తవిటయ్య కొట్టుకు వెళ్ళాను.

తవిటయ్య చెప్పిందంతా విన్నాడు. దువ్వెన పక్కన పెట్టాడు.

"మేస్టారూ, మా అయ్య కాలం నుంచి ఈ కత్తి పట్టుకున్నాం. తప్పు కోత కోసినాం, సెవులు గీరినాం. ఒకరి జుట్టు ఒకరిదని మాత్తరం ఎవులికీ ఇవ్వలేదు. మీరు పిల్లలకి పాఠాలు సెప్పేవోరు. మీకు నాను సెప్పాలేటి?"

"వద్దులే తవిటయ్యా" అన్నాను.

"వద్దు బాబూ. ఎల్లి తప్పయిపోయిందని సెప్పండి. అదే సుకం."

కొట్టు నుంచి ఇంటికి నాలుగు వందల అడుగుల దూరం ఉంటుంది. ఆ దూరం నడవడానికి నాకు ఎప్పుడూ అంత సేపు పట్టలేదు. పొద్దుట వేసుకున్న చొక్కా అదే. గంధం, పసుపు, ఆది ఇచ్చిన బిరుదు, నాగావళి నీళ్ళు, చెమట, అన్నీ కలిసి ఎండిపోయి అప్పడంలా అయింది. పైగా మెడ దగ్గర, వీపు మీద, ఛాతీ మీద ఒకటే దురద. పాపం తగిలి దద్దుర్లు లేచాయనుకున్నాను.

మార్తా పెరట్లో బాదం చెట్టు నీడలో కూర్చుని ఉంది. ఆది నేల మీద ఆడుకుంటోంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని, తల వంచి, "తప్పయిపోయిందమ్మా. నువ్వు వచ్చేదాకా ఆగాల్సింది. నదిలో వెతికాను, దొరకలేదు. నీకు అబద్ధం చెబుదామని కూడా వెళ్ళాను, చెప్పలేక వచ్చాను" అన్నాను. అని, ఆపుకోలేక మెడ గోక్కున్నాను.

ఆవిడ నా మెడకేసి చూస్తోంది. లేచి దగ్గరికొచ్చింది. నా కాలరు మీద నుంచి రెండు వేళ్ళతో దేన్నో పట్టుకుని వెలుతురుకి ఎత్తింది.

సన్నగా ఉంది, వంపు తిరిగి ఉంది. కొస రాగి రంగులో మెరిసింది.

"కదలకండి" అంది.

"వదినా!" అని భాగ్యం కేక పెట్టి లోపలి నుంచి కళ్ళద్దాలు తెచ్చుకుంది. పావొలో మేడ మీదకు పరుగెత్తి కనుబొమలు సరిచేసుకునే చిన్న పట్టకారు తెచ్చాడు. అమ్మ పీట వేసుకుని నా కాళ్ళ దగ్గర కూర్చుంది. మొత్తం నలుగురూ నా చొక్కా మీద పడ్డారు. కాలరు కింద కొన్ని, జేబు కుట్టులో కొన్ని, గంధం అంటుకున్న చోట ఒక గుత్తి, ఆది తడిపిన చోట మరో గుత్తి. నది మొత్తం వెతికాను కదా, ఆ జుట్టు అంతసేపూ నా ఒంటి మీదే ఉంది.

"సేతులెత్తండి" అంది భాగ్యం.

"ఎత్తాను."

"ఇటు తిరగండి. అటు కాదు."

"నడుము నొప్పెడుతోందే."

"నొప్పెట్టనీండి. ఆగమంటే ఆగేరా పొద్దుట?"

చొక్కా విప్పి ఇచ్చేస్తాను అన్నాను. విప్పితే రాలిపోతాయని మార్తా ఒప్పుకోలేదు. గంటన్నర నిలబడ్డాను. ప్రహరీ గోడ మీదుగా పక్కింటివాళ్ళు చూశారు, వాళ్ళు పిలిస్తే ఆ పక్కవాళ్ళు చూశారు. నా దగ్గర చదువుకున్న పిల్లలు ముగ్గురు "నమస్తే సార్" అని కూడా అన్నారు. ఆది మధ్యమధ్యలో వచ్చి నా ప్యాంటు పట్టుకుని, "మావా" అని నవ్వి పోయింది. అదే మొదటిసారి నన్నలా పిలవడం. అమ్మ నేర్పి ఉంటుంది. నాకు నడుము నొప్పి ఎక్కడికో పోయింది.

చివర్లో ఖాళీ అర నిండలేదు కానీ ఖాళీగా మాత్రం లేదు. చిటికెన వేలంత కుచ్చు. మార్తా దాన్ని పల్చటి కాగితంలో మడిచి, డబ్బా మూసి, గుండెకు హత్తుకుంది. తర్వాత నా దగ్గరికొచ్చి, ఆ కంపు కొడుతున్న చొక్కా మీదే తల ఆనించి ఒక్క నిమిషం నిలబడింది. "రేపు రండి" అంది. మా అందరికీ నవ్వొచ్చింది. ఆవిడకూ వచ్చింది.

మరో మూడు వారాలకు పాస్‌పోర్టు వచ్చింది. ఆ గుండు గురించి ఏ ఆఫీసులోనూ ఎవరూ అడగలేదు. మన దేశంలో గుండున్న పిల్లను చూసి ఆశ్చర్యపోయేవాడెవడు? వాళ్ళు వెళ్ళిపోయారు. మేడ మీద వాటా చాలా రోజులు ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఆదికి పదకొండేళ్ళు. పాదానికి ఆపరేషన్ అయింది, బాగానే పరుగెడుతుందట. తెలుగు మొత్తం మరిచిపోయింది, ఒక్క మాట తప్ప. పోయిన ఆదివారం వీడియోలో మాట్లాడింది. జుట్టు మళ్ళీ తలకంటే పెద్దదైంది. చేతిలో ఆ వెండి డబ్బా ఉంది.

"మావా" అంది. మిగతాదంతా ఇంగ్లీషు. "స్కూల్లో మా కుటుంబం గురించి చెప్పమన్నారు. నేను ఈ డబ్బా తీసుకెళ్ళి చూపించాను. ఇవి నన్ను కన్న అమ్మ ఇచ్చినవని చెప్పాను. కానీ మా టీచరు ఒకటి అడిగింది. ఇందులో ఒక తెల్లది ఉంది. బాగా మందంగా ఉంది. అది ఎవరిది?"

ఫోను దగ్గరగా పెట్టి చూపించింది. రాగి రంగు రింగుల మధ్య, తెల్లగా, మొండిగా, ఒకటి నిలబడి ఉంది.

నేను గుర్తుపట్టాను. తలకైతే అప్పట్లో రంగు వేసుకునేవాణ్ణి. ఛాతీకి ఎవరు వేసుకుంటారు?

వెనక మార్తా పగలబడి నవ్వుతోంది. ఆవిడకు మొదటి రోజు నుంచీ తెలుసట, కావాలనే తియ్యలేదట. ఆది మాత్రం నవ్వలేదు. "తీసెయ్యమంటావా మావా?" అని సీరియస్‌గా అడిగింది.

"ఉంచమ్మా" అన్నాను. మేనమామంటే తల్లి తోడబుట్టినవాడు. ఆ డబ్బాలో పేరు తెలియని ఆ తల్లి ఇచ్చిన జుట్టు పక్కనే తొమ్మిదేళ్ళుగా నా వెంట్రుక కూడా ఉంటోంది. ఇక ఎవరూ నన్ను మేనమామ కాదని అనలేరు. భాగ్యం పక్కనుంచి, "సరే గాని, అది సాతీదని సెప్పీమంటారేటి ఇస్కూల్లో?" అంది.

అందుచేత, అరసవల్లి సూర్యుడి సాక్షిగా, ఈ కాగితం చదివినవాళ్ళందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ బిడ్డకైనా సరే, ఆ తల్లి గేటు తీసుకుని లోపలికి వచ్చి కూర్చునేదాకా కత్తెర ముట్టను. వర్జ్యం వస్తే రానీ, మా అమ్మ తిడితే తిట్టనీ, గుమస్తా టీకి పోతే పోనీ. ఎవరైనా నన్ను మేనమామగా కూర్చోబెట్టదలిస్తే, చొక్కా లోపల మెడదాకా బనీను వేసుకునే కూర్చుంటాను.